న్యాయశాస్త్రం అంటే ఏమి? ఆలూరు నుంచి ఒక మాట చరిత్ర (9వ భాగం)



ఈ వారం భూముల గురించి రాస్తానని చెప్పినాను. దాన్ని వచ్చే వారానికి పెట్టుకుని, ఈసారి ఒక్క మాట గురించి రాస్తున్నాను. ఆ మాట పోయిన నెల మా గేరిలో పుట్టించిన చర్చ ఇంకా నా తలలో తిరుగుతానే ఉంది.

మా గేరిలో ఒక పాప లాసెట్ రాసి సీటు తెచ్చుకుంది. వాళ్ళ అమ్మానాయన సుగ్గికి పోయినారు, గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు. ఇంట్లో అవ్వ, పాప ఇద్దరే. అవ్వను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మా గేరిలో డిగ్రీలు చదివినోళ్ళు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, ఒక కానిస్టేబులు కూడా ఉన్నాడు. లా చదవబోయే మొదటి మనిషి ఈ పాపే.

అవ్వ అడిగింది: "ఏమప్పా, పాప ధర్మశాస్త్రం సదువుతాదంట కదా. పాస్టరమ్మ అయితాదా ఏమి?"

పాప నవ్వింది. "ధర్మశాస్త్రం కాదవ్వా, న్యాయశాస్త్రం."

"న్యాయమా? న్యాయం సదివితే వస్తాదా పాపా? కట్ట మీద కూర్చున్నోడు చెప్తేనే కదా వచ్చేది."

పాప తన ఫోనులో సిలబస్ చూపించింది. మొదటి ఏడాది సబ్జెక్టుల్లో జూరిస్‌ప్రుడెన్స్ అని ఒకటి ఉంది. "అన్నా, దీన్ని తెలుగు పుస్తకంలో న్యాయశాస్త్రం అన్నారు. మొత్తం లా కోర్సును కూడా న్యాయశాస్త్రమే అంటున్నారు. రెండూ ఒకటేనా?"

ముప్పై ఏళ్ళుగా కేసుల చుట్టూ, స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న నాకు ఆ రోజు సరైన జవాబు రాలేదు. ఇంటికి పోయి ఉన్న పుస్తకాలన్నీ తిరగేసినాను. తీస్తే ఆ ఒక్క మాట కింద మన రెండు వేల ఏళ్ళ కథ ఉంది.

మొదట పాప అడిగినదానికి జవాబు.

జూరిస్‌ప్రుడెన్స్ అనేది లాటిన్ మాట. జూరిస్ అంటే చట్టానికి సంబంధించిన, ప్రుడెన్షియా అంటే ఎరుక, తెలివిడి. కలిపితే చట్టం గురించిన జ్ఞానం. ఫ్రెంచి వాళ్ళు అదే మాటను కోర్టు తీర్పుల మొత్తానికి వాడతారు. ఇంగ్లీషు లా కాలేజీల్లో మాత్రం అర్థం వేరే. ఫలానా నేరానికి ఎన్నేళ్ళు శిక్ష అనేది అక్కడ చెప్పరు. అసలు చట్టం అంటే ఏమి, దానికి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది, మనం దాన్ని ఎందుకు పాటించాల, చెడ్డ చట్టం కూడా చట్టమేనా అని అడుగుతారు. 1832లో జాన్ ఆస్టిన్ అనే ఇంగ్లీషు పండితుడు ఒక పుస్తకం వేసి, చట్టం అంటే పైవాడి ఆజ్ఞ, తప్పితే శిక్ష, అంతే అన్నాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు రెండు వందల ఏళ్ళుగా ఆయనతో గొడవ పడుతూనే ఉన్నారు. అదీ ఆ సబ్జెక్టు.

అంటే పాపా, నువ్వు చదివే కోర్సు మొత్తాన్నీ న్యాయశాస్త్రం అంటారు, అందులోని ఈ ఒక్క సబ్జెక్టునూ అదే పేరుతో పిలుస్తారు. కొందరు ఈ సబ్జెక్టును న్యాయ మీమాంస అంటారు. ఎల్‌ఎల్‌బిలో రెండు ఎల్‌లు ఎందుకని కూడా అడిగినావు. లాటిన్‌లో ఒకటి కంటే ఎక్కువని చెప్పాలంటే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. లెగమ్ అంటే చట్టాల యొక్క అని. ఒక చట్టం కాదు, చట్టాలు.

పరీక్షకు ఇంత చాలు. మన బతుక్కు చాలదు. ఎందుకంటే న్యాయశాస్త్రం అనే ఈ తెలుగు మాట నిన్నా మొన్నా లా కోసం పుట్టింది కాదు.

పాతకాలం సంస్కృత పండితుడి దగ్గరికి పోయి న్యాయశాస్త్రం చెప్పమంటే ఆయన కోర్టు గురించి చెప్పడు. తర్కం చెప్తాడు. ఆరు దర్శనాల్లో న్యాయం ఒకటి. అక్షపాద గౌతముడి పేరు మీద న్యాయసూత్రాలు ఉన్నాయి. కొండ మీద పొగ కనపడింది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది అని నిరూపించే పద్ధతి అది. వాదన ఎట్ల పెట్టాల, ఎదుటివాడి వాదనలో తప్పు ఎట్ల పట్టాల అనేదే వాళ్ళ న్యాయశాస్త్రం.

న్యాయానికి ఇంకో అర్థం సామెత లాంటి పోలిక. కాకతాళీయ న్యాయం, స్థాలీపులాక న్యాయం అని తెలుగు వాచకాల్లో చదివినాం. అందులోనే మత్స్యన్యాయం ఒకటి ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగడం. రాజదండం లేకపోతే లోకం అట్ల అయిపోతుందని పాత శాస్త్రకారులు రాజును సమర్థించడానికి వాడిన పోలిక ఇది. చిన్న చేపల్ని మింగే పద్ధతికి కూడా మన భాషలో న్యాయం అనే పేరే ఉందని గుర్తుపెట్టుకోండి.

మూడో అర్థం మా అవ్వ చెప్పింది. ఊళ్ళో న్యాయం అంటే రచ్చకట్ట మీద జరిగేది. పెద్దమనుషులు పైన కూర్చుంటారు. మనవాళ్ళు కింద, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడతారు. అక్కడ న్యాయం అనేది చదువు కాదు, వినేది. పైనోడు చెప్తాడు, కిందోడు తలూపి తప్పు కడతాడు. అవ్వ అడిగిన ప్రశ్న అమాయకంగా అడిగింది కాదు. డెబ్బై ఏళ్ళు కట్ట కింద నిలబడిన మనిషి అడిగిన ప్రశ్న అది.

మరి చట్టం చదువుకు పండితులు పెట్టుకున్న అసలు పేరేమి? ధర్మశాస్త్రం.

మను, యాజ్ఞవల్క్యుడు, నారదుడు అనే పేర్ల మీద ఉన్న స్మృతులు, వాటి మీది వ్యాఖ్యానాలు ధర్మశాస్త్రంలోకి వస్తాయి. వాటిలో కోర్టు తగాదాల భాగాన్ని వ్యవహారం అంటారు. మనుస్మృతి 8వ అధ్యాయంలో తగాదాలను 18 రకాలుగా విడదీసి చెప్పినారు. అప్పు, కుదువ, కూలి, పొలం గట్టు, తిట్టు, కొట్టు, దొంగతనం ఇట్ల. చూడడానికి మంచి పద్ధతిగా ఉంటుంది. అదే అధ్యాయంలో తిట్టినందుకు ఏమి శిక్షో చూడండి. బ్రాహ్మణుణ్ణి క్షత్రియుడు తిడితే 100 పణాల జరిమానా. వైశ్యుడు తిడితే 150 లేదా 200. శూద్రుడు తిడితే డబ్బు కాదు, ఒంటి మీద శిక్ష. తిరగేసి చూస్తే, బ్రాహ్మణుడు క్షత్రియుణ్ణి తిడితే 50, వైశ్యుణ్ణి తిడితే 25, శూద్రుణ్ణి తిడితే 12. ఒకే తిట్టుకు ఇన్ని ధరలు. మనం ఈ పట్టికలో ఎక్కడా లేము. మనల్ని 10వ అధ్యాయంలో ఊరి బయట పెట్టినారు.

ఈ శాస్త్రం చదివే హక్కు ఎవరిదో వేరే చెప్పాల్నా? గౌతముడి పేరుతోనే ఉన్న ధర్మసూత్రం ఒకటి ఉంది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పోయమని అందులో ఉంది. ఈ శిక్ష ఎన్నిసార్లు అమలైంది అనే వాదన చరిత్రకారులు చేసుకుంటారు. నా వాదన చిన్నది. చట్టం ఎవరి మీద అమలవుతుందో వాళ్ళు ఆ చట్టాన్ని చదవకూడదు, వినకూడదు అని చట్టమే చెప్పింది.

ఇదంతా ఎక్కడో కాశీలో జరిగిన కథ అనుకోవద్దు. దక్షిణాది ధర్మశాస్త్రంలో అన్నిటికంటే పెద్ద పేరు మితాక్షర. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం అది. ఆయన కళ్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంవాడు. ఆ రాజు 1076 నుంచి 1126 వరకు ఏలినాడు. మా బళ్ళారి సీమ ఆ రాజ్యంలోదే. 13వ శతాబ్దంలో తిక్కన కాలంలోనే కేతన అనే కవి ఆ వ్యాఖ్యానాన్ని విజ్ఞానేశ్వరీయము పేరుతో తెలుగు పద్యాల్లో పెట్టినాడు. తెలుగులో మొదటి లా పుస్తకం అదే. తెలుగు వ్యాకరణాన్ని తెలుగు పద్యాల్లో మొదట చెప్పింది కూడా ఈయనే. మన భాషలో చట్టం చదువుకు 750 ఏళ్ళ వయసు ఉందని గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే ఆ 750 ఏళ్ళలో ఎన్నేళ్ళు ఆ పుస్తకం మన గేరికి వచ్చింది?

మితాక్షర మ్యూజియంలో పెట్టిన వస్తువు కూడా కాదు. ఆస్తి పంపకాల్లో 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా మన కోర్టుల్లో అదే నడిచింది. ఆ తర్వాత కూడా ఉమ్మడి కుటుంబం ఆస్తిలో మితాక్షర పద్ధతి మిగిలింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఇవ్వడానికి మన రాష్ట్రంలో 1985 దాకా ఆగాల్సి వచ్చింది. పాపా, నీ సిలబస్‌లో కుటుంబ చట్టం తెరిస్తే విజ్ఞానేశ్వరుడు నీకు ఎదురుపడతాడు. భయపడకు. చదువు.

ఇప్పుడు కంపెనీ వాళ్ళ దగ్గరికి వద్దాం. 1772లో బెంగాల్లో వారన్ హేస్టింగ్స్ ఒక ఏర్పాటు చేసినాడు. పెళ్ళి, వారసత్వం, కులం లాంటి విషయాల్లో హిందువులకు శాస్త్రం, ముసల్మానులకు ఖురాన్ ప్రకారం తీర్పు చెప్పాల. శాస్త్రం ఏమంటుందో జడ్జీకి చెప్పడానికి కోర్టుల్లో పండితుల్ని జీతానికి పెట్టినారు. 1794లో విలియం జోన్స్ మనుస్మృతిని ఇంగ్లీషులోకి తెచ్చినాడు. మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన థామస్ స్ట్రేంజ్ 1825లో హిందూ లా మీద పుస్తకం వేసినాడు. కోర్టు పండితుల ఉద్యోగాలు తీసేసింది 1864లో. అంటే సుమారు తొంభై ఏళ్ళు ఇంగ్లీషు జడ్జీ పక్కన కూర్చుని, దేశంలో ఎవరికి ఏది ధర్మమో చెప్పింది ఒక్క కులం నోరు. ఊరికో రకంగా, కులానికో రకంగా ఉన్న ఆచారాల మీదికి పుస్తకం వచ్చి కూర్చుంది. ఏలింది కంపెనీ, చెప్పింది పండితుడు, విన్నది మనం.

మా సీమకు ఈ కథలో ఇంకా దగ్గరి మనిషి ఉన్నాడు. థామస్ మన్రో. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేసినప్పుడు దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినాడు. 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. రైతువారీ పద్ధతి పెట్టినాడు. 1820 నుంచి మద్రాసు గవర్నరు. 1827 జులై 6న మాకు పక్కనే ఉన్న పత్తికొండలో కలరాతో చచ్చిపోయినాడు. మంచి దొర అని జనం పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి కనపడి మాట్లాడినాడని కథ కూడా ఉంది. ఆ కథ మీరందరూ విన్నారు. వినని కథ ఒకటి చెప్తాను.

1814లో కోర్టుల పద్ధతి మార్చడానికి వేసిన కమిషన్‌కు మన్రోనే పెద్ద. ఆ పని ఫలితంగా 1816లో మద్రాసు రెగ్యులేషన్లు వరుసగా వచ్చినాయి. ఊరి రెడ్డికి మున్సిఫ్ అధికారం వచ్చింది. గ్రామ పోలీసు పని కూడా ఆయన చేతికే వచ్చింది. ఆ సంవత్సరం 11వ రెగ్యులేషన్, 10వ సెక్షన్ చూడండి. తిట్లు, చిన్న కొట్లాటల్లో తప్పు రుజువైతే ఊరి పెద్ద ఆ మనిషిని ఊరి చావడిలో 12 గంటలకు మించకుండా కూర్చోబెట్టవచ్చు. తప్పు చేసినవాడు కింది కులాలవాడైతే, అంత అవమానకరమైన శిక్ష వేయడం తగనిది కాని మనిషైతే, 6 గంటలకు మించకుండా బొండలో వేయవచ్చు.

ఈ సెక్షన్‌ను మెల్లగా ఇంకోసారి చదవండి. ఆ శిక్ష అవమానకరమైనదని చట్టమే ఒప్పుకుంటోంది. అందుకే అది పై కులాలకు తగదంటోంది. మనకు మాత్రం తగుతుంది. కింది కులాలు అంటే ఏవి? పట్టిక లేదు. తేల్చేది ఎవరు? చావడిలో కూర్చున్న మున్సిఫే. ఫిర్యాది ఆయన చుట్టమో, ఆయన పొలంలో కూలి ఎగ్గొట్టినందుకు అడిగిన మనిషే ఇక్కడ ముద్దాయో అయ్యే ఊళ్ళో అది ఎట్ల నడిచిందో నేను రాయనక్కర్లేదు. మను పట్టికకు, ఈ సెక్షన్‌కు మధ్య తేడా ఏముంది? పణాలు పోయి గంటలు వచ్చినాయి. ఇది ఏదో ఒక ఏడాది తొందరలో జరిగిన పొరపాటు కూడా కాదు. 20వ శతాబ్దం మొదటిదాకా ఆ సెక్షన్ పుస్తకంలో ఉంది. ఇక వంశపారంపర్యంగా వచ్చే మున్సిఫ్, కరణాల ఉద్యోగాలు మన రాష్ట్రంలో పోయింది 1984 జనవరిలో. నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మా నాయన ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం చావడి ముందు నుంచి తుండుగుడ్డ భుజం మీద నుంచి తీయకుండా నడుచుకుంటూ పోయి వచ్చినాడు.

బొండ అనే మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. కాళ్ళు ఇరికించి బిగించే కొయ్య. మా అవ్వకు మాత్రం తెలుసు. పౌలు, సీలల కాళ్ళకు చెరసాలలో బొండ వేసిన కథ ఆమె బైబిల్లో వింది.

ఇంకో తమాషా చూడండి. 1860లో ఇండియన్ పీనల్ కోడ్ వచ్చింది. 1862 జనవరి 1 నుంచి అమలు. దాని మీద ఎన్ని విమర్శలైనా చేయండి, ఒక్క మాట ఒప్పుకోవాల. దొంగతనానికి శిక్ష రాసేటప్పుడు అది దొంగ కులం అడగలేదు. మరి దాన్ని మన తెలుగు పండితులు ఏమని తెలుగు చేసినారు? భారత శిక్షాస్మృతి! కులం చూడకుండా శిక్ష రాసిన పుస్తకానికి మనువు పుస్తకం పేరు. సివిల్ కోడ్ అంటే పౌరస్మృతి. పేపర్లో రోజూ ఉమ్మడి పౌరస్మృతి అని చదువుతున్నాం, ఆ తోక ఎక్కడిదో ఎవరికీ తట్టదు. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. స్మృతి పోయి సంహిత వచ్చిందని సంతోషపడాల్నో, ఒక సంస్కృత అర నుంచి ఇంకో అరలోకి మారిందని అనుకోవాల్నో మీరే ఆలోచించండి.

సంస్కృతం పైన కూర్చుంటే, కింద కోర్టు వరండాలో నడిచే భాష వేరే. దావా, వకీలు, వకాల్తా, జామీను, జప్తు, హాజరు, వాయిదా, రాజీ, ఫిర్యాదు. ఇవన్నీ అరబ్బీ, పారశీకం నుంచి వచ్చినాయి. బిజాపూర్ సుల్తానుల కింద, మొగలుల కింద, నిజాం కింద ఉన్న సీమ మాది. ఈ మాటలు మా ముసలోళ్ళ నోట్లో ఇప్పటికీ అన్నంలో ఉప్పులా కలిసి ఉంటాయి. ఇందులో ఒక మాట కథ విని నేను రాత్రంతా నిద్రపోలేదు.

ముద్దాయి. తెలుగులో ముద్దాయి అంటే ఎవరు? నేరం మోపబడినవాడు. అరబ్బీలో, ఉర్దూలో ముద్దయీ అంటే ఎవరు? దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు! ఎదుటివాణ్ణి అక్కడ ముద్దా అలైహ్ అంటారు. తెలుగులోకి వచ్చేసరికి తోక రాలిపోయి, ఫిర్యాదు చేసినవాడి పేరు నేరస్థుడికి అంటుకుంది.

భాషా పండితులు దీన్ని అర్థ విపరిణామం అంటారేమో. నాకు మాత్రం అది నా జీవితం. ఇరవై ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో టీ హోటల్లో మాకు వేరే గ్లాసులు పెట్టినారు. ఎందుకని అడిగినాం. కొట్టినారు. ఐదుగురం ఒక స్టేషనుకు పోయినాం. రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి కాగితం తీసుకున్నారు. తెల్లారి లేచేసరికి హోటల్ మీద దాడి చేసి గల్లా పెట్టె దోచుకున్నామని మా మీద కేసు. నేను అందులో మూడో ముద్దాయి. పోయేటప్పుడు ఫిర్యాది, వచ్చేటప్పుడు ముద్దాయి. వాయిదాలకు తిరిగి తిరిగి మాలో ఇద్దరు ఊరు విడిచి బెంగళూరు పోయినారు. చివరికి పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసినారు. రాజీ అంటే ఒప్పుకోవడం. మేము ఒప్పుకున్నాం. ఆ రోజు మాలో ఒక్కడు లా చదివినవాడు ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఈ వ్యాసం వెనక ఉన్న అసలు కారణం ఇదే.

ఇప్పుడు అవ్వ ధర్మశాస్త్రం దగ్గరికి వద్దాం. ఆమె పొరపాటు పడలేదు. బైబిలును తెలుగు చేసినవాళ్ళు మోషే ఇచ్చిన చట్టానికి ధర్మశాస్త్రము అని పేరు పెట్టినారు. ఆ చట్టం చెప్పేవాళ్ళను ధర్మశాస్త్రోపదేశకులు అన్నారు. పండితుడి ఇంటి అటక మీదున్న మాటను తెచ్చి మాలమాదిగ గేరిలో చర్చి పీఠం మీద పెట్టినారు. చెవిలో సీసం పోస్తామన్న మాటను మా అవ్వ ప్రతి ఆదివారం చెవులారా వింటుంది. నేను అంబేద్కరిస్టును, నా దారి వేరే. అయినా ఆ మాట అట్ల చేతులు మారడం చిన్న సంగతి అని నేను అనను.

అయితే దానికి కూడా చట్టం లెక్క కట్టింది. 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం అంటే హిందువై ఉండాల. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు. క్రైస్తవులను కలపలేదు. అవ్వ ఏ ధర్మశాస్త్రం వింటుందో దాన్ని బట్టి సర్టిఫికెట్ మారుతుంది. రచ్చకట్ట మీది పెద్దమనిషి మాత్రం ఆమెను ఏ ధర్మశాస్త్రమని అడగడు, ఏ గేరి అని అడుగుతాడు. చట్టం ఎవరిని చూస్తుంది, ఎవరిని చూడదు అనేదే పాపా, నీ జూరిస్‌ప్రుడెన్స్ సబ్జెక్టు.

బాబాసాహెబ్ ఈ సంగతి అందరికంటే ముందు పట్టుకున్నాడు. బళ్ళో సంస్కృతం చదువుతానంటే అంటరానివాడని ఒప్పుకోలేదు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. అదే మనిషి 1922లో లండన్లో బారిస్టరు అయినాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించినాడు. 1935లో బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయినాడు. 1936లో కుల నిర్మూలన రాసినాడు. హిందువులు మతం అంటున్నది నిజానికి మతం కాదు, చట్టం, ఒక వర్గం నీతికి చట్టం బట్ట తొడిగినది అని అందులో వాదించినాడు. మతమైతే మార్చకూడదు అంటారు. చట్టమని తెలిస్తే మార్చవచ్చు. అందుకే ముసుగు తీసి అసలు పేరు పెట్టమన్నాడు. పేరు మార్చడం అనేది ఎంత పెద్ద పనో ఆయనకు తెలుసు.

రాజ్యాంగం 13వ అధికరణం తీసి చూడండి. రాజ్యాంగానికి విరుద్ధమైన పాత చట్టాలు చెల్లవని ఉంది. అక్కడ చట్టం అనే మాటలోకి ఏమేమి వస్తాయో చెప్తూ ఆచారాన్ని, వాడుకను కూడా చేర్చినారు. మా తాతల నుంచి వస్తున్న ఆచారమండీ అని ఎవడైనా రెండో గ్లాసు చూపిస్తే, ఆ ఆచారం చట్టం లెక్కలోకి వస్తుంది, కాబట్టే దాన్ని కొట్టేయవచ్చు. దాని పక్కన 17వ అధికరణం పెట్టుకోండి. మను పట్టికకు, మన్రో బొండకు కలిపి ఇచ్చిన జవాబు అది.

మన జిల్లాలోనే ఇంకో మనిషి ఉన్నాడు. దామోదరం సంజీవయ్య. 1921లో కర్నూలు దగ్గర పెదపాడులో పేద మాల కుటుంబంలో పుట్టినాడు. మద్రాసు లా కాలేజీలో బి.ఎల్. చదివి 1950లో వకీలు అయినాడు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 2008లో విశాఖపట్నంలో పెట్టిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ రోజు ఆయన పేరుతో ఉంది. మను పట్టికలో చోటు లేని ఇంట్లో పుట్టిన మనిషి పేరు న్యాయశాస్త్రం చెప్పే బడి గేటు మీద ఉంది. అటు పోయినప్పుడు పిల్లల్ని తీసుకుపోయి ఆ గేటు చూపించండి.

బొజ్జా తారకం గారు ఇంకో దారి చూపించినారు. 1985లో కారంచేడు జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి బాధితుల పక్కకు వచ్చినారు. పోలీసులు అరెస్టు చేస్తే అని చిన్న పుస్తకం రాసినారు. మా తరం దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగింది. న్యాయశాస్త్రాన్ని కూలోడికి అర్థమయ్యే తెలుగులో చెప్పిన పుస్తకం అది. నా లెక్కలో కేతన తర్వాత అంత ముఖ్యమైన తెలుగు లా పుస్తకం అదే.

చదువుకుంటే న్యాయం వచ్చేస్తుందని మాత్రం నేను పాపకు అబద్ధం చెప్పలేదు. చుండూరు గుర్తుంది కదా. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను చంపినారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి కొట్లాడినారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అవే సాక్ష్యాలు, అదే చట్టం, రెండు కోర్టులు, రెండు జవాబులు. సాక్షి చీకట్లో చూసినాడా, ఆలస్యంగా చెప్పినాడా అని తూకం వేసేవాడి మనసులో ఏ ఊరు ఉంది, ఏ కట్ట ఉంది? ఆస్టిన్ పుస్తకంలో దీనికి జవాబు లేదు. మన పిల్లలు ఆ సీట్లలో కూర్చుని రాయాల.

ఇది చదివే కార్యకర్తలకు రెండు పనికొచ్చే సంగతులు. న్యాయ సేవల చట్టం 1987, 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. అడగండి. అట్రాసిటీ చట్టంలో 18ఎ సెక్షన్ 2018లో వచ్చింది. ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని అందులో ఉంది. రేపు రా, విచారించి రాస్తాం అంటే ఆ సెక్షన్ చెప్పండి. తప్పు చేయకుండా, గొంతు లేపకుండా, సెక్షన్ నంబరుతో చెప్పండి.

పోయిన ఆదివారం పాప కాలేజీకి బయలుదేరింది. బస్టాండుకు అవ్వ కూడా వచ్చింది. నేను నాలుగు అర్థాలూ చెప్పినాను. పండితుడి తర్కం, కట్ట మీది తీర్పు, మనువు ధర్మశాస్త్రం, మోషే ధర్మశాస్త్రం. ఇప్పుడు పాప చదవబోయేది ఐదోది అన్నాను.

అవ్వ అంతా విని అంది: "అన్నీ వాళ్ళు పెట్టిన పేర్లే కదప్పా. ఈ పాప సదివినాక మనం ఒక పేరు పెట్టుకోవల్ల."

బస్సు కదిలేటప్పుడు పాప కిటికీలోంచి అడిగింది, "అన్నా, నల్ల కోటు ఎంత అయితాది?" తెలియదు, మూడేళ్ళు టైముంది, అందరం కలిసి కొందాం అన్నాను. మా గేరిలో ఆ కోటు కోసం డబ్బా ఒకటి పెట్టినాం. మొదటి పది రూపాయలు అవ్వే వేసింది.

వచ్చే వారం భూముల గురించి, తప్పకుండా.

జై భీమ్.